బావగారి పేరు

పోలీసు స్టేషన్‌లో దర్యాప్తు గది తలుపు మూసుకుంది. మూసుకునే ముందు కనిషాయ్ ఒక్కసారి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం కూడా పెద్దగా లేదు. కోపం ఉండి ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది, తిట్లు తినడం నాకు బాగా అలవాటు, ముప్ఫై ఏళ్లు కోడలిగా బతికినదాన్ని. పిండికట్టు వేసిన ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లింది, వెనకే నెస్తాన్ వెళ్లింది. నెస్తాన్ దెబ్బలు తిన్న ఆడవాళ్లు తలదాచుకునే మా కేంద్రంలో సైకాలజిస్టు, ఇరవయ్యారేళ్ల పిల్ల, రాజధానిలో చదువుకుని మళ్లీ మా నరీన్ ఊరి చలిలోకి వచ్చిపడ్డ పిచ్చిది. నన్ను మాత్రం రానివ్వలేదు. మొదటి ఫిర్యాదు రాసుకున్నది మీరే కదా పిన్నీ, మీరూ సాక్షే, బయట కూర్చోండి అన్నాడు దర్యాప్తు అధికారి ఎల్దియార్, వాడికి ఇంకా మీసం కూడా సరిగ్గా రాలేదు. రాసుకున్నది నేనే, నిజమే, ఆ సంగతి నాకు గుర్తు చెయ్యాల్సిన పని లేదు, ఐదు వారాలుగా పడుకున్నా లేచినా నాకు గుర్తొస్తున్నది అదే. లోపల ఆ పిల్ల చెప్పాల్సింది ఒక్క పేరు. ఎదురుగా కూర్చున్న ఈ మనిషి ఎవరు, పూర్తి పేరు చెప్పండి, మిమ్మల్ని కొట్టింది ఇతనేనా అని అడుగుతారు. పోయిన గురువారం ఇదే గదిలో ఇదే ప్రశ్నకి నలభై నిమిషాలు నేల చూస్తూ కూర్చుని, చివరికి బావగారు అని మాత్రం అంది. బావగారు అనే పేరుతో ఈ జిల్లాలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి సార్ అన్నాడట అవతలి లాయరు. ఈ రోజు కూడా అంతే అయితే నేనేం చెయ్యలేను, ఫైలు మూసేస్తాను అని ఎల్దియార్ ముందే చెప్పేశాడు. మూసేస్తే ఆ మనిషి దర్జాగా ఇంటికి పోతాడు, ఆ ఇంటికే ఈ పిల్ల కూడా ఎప్పుడో ఒకప్పుడు పోవాలి, మొగుడు రష్యాలో ఇటుకలు మోస్తున్నాడు, వచ్చే ఏడాది వస్తానంటాడు, అన్నయ్యని ఏమీ అనకు అంటాడు.

వసారాలో బల్ల ఒక్కటే ఉంది. కొట్టినవాళ్ల తరఫువాళ్లకి ఒకటి, దెబ్బలు తిన్నవాళ్ల తరఫువాళ్లకి ఒకటి వెయ్యాలని ఎవరికీ తట్టినట్టు లేదు. అందుకే ఆ రెండో కొసలో ఆవిడ కూర్చుంది, కనిషాయ్ అత్తగారు, సురుప్కాన్. పోయిన వారం ఆవిడ రాలేదు, ఈ వారం కొడుకు వెంటబెట్టుకొచ్చాడు, సాక్ష్యం చెప్పించడానికి. కోడలు పశువుల కొట్టం మెట్ల మీద మంచులో జారిపడిందని ఆవిడ చెబుతుందట. సెప్టెంబరు నెలలో మంచు ఎక్కడిది అని నెస్తాన్ అడిగితే, కొండ మీద ఊరు కదా మాకు ముందే పడుతుంది అన్నాడట వాడు. ఆవిడ వాళ్ల ఊరి నుంచి పొద్దున్నే వ్యానెక్కి వచ్చినట్టుంది, తోలు బూట్లకి దుమ్ము పట్టి ఉంది, తలకి తెల్ల గుడ్డ గట్టిగా చుట్టుకుంది, ఒళ్లో ఒక మూట. చూడకుండా ఉందామనుకున్నాను. కానీ పెద్దావిడ పక్కనే కూర్చుంటే పలకరించకుండా ఎట్లా ఉండను, నా ఒంట్లో ఎముకలే అట్లా తయారయ్యాయి, నోరు దానంతటదే తెరుచుకుంది. "ఒంట్లో బాగుందా అక్కా, పశువులు బాగున్నాయా, దారి బాగుందా" అన్నాను. ఆవిడ కూడా ఆగలేకపోయింది. "బాగున్నాం, మీవాళ్లు బాగున్నారా, చలికి గడ్డి సరిపోతుందా" అంది. నాకు పశువులూ లేవు గడ్డీ లేదు, మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, అయినా సరిపోతుందక్కా అన్నాను. అడగాల్సినవన్నీ అడిగేసుకున్నాక ఇద్దరం ఎదురు గోడ వైపు తిరిగి కూర్చున్నాం.

మర్యాద. ఈ మర్యాదే కదా నా కొంప ముంచింది, నాది కాదు, ఆ పిల్లది. ఐదు వారాల కిందట మా కేంద్రం గుమ్మంలో నిలబడినప్పుడు పెదవి చిట్లి ఉంది, చెవి వెనక జుట్టు అంటుకుపోయి ఉంది, కాళ్లకి రెండు వేర్వేరు చెప్పులు. టీ ఇచ్చాను, వెన్న రాసిన రొట్టె ఇచ్చాను, ఏడవమని చెప్పలేదు, ఏడవొద్దనీ చెప్పలేదు, తొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు నోరు మూసుకోవాలో నాకు తెలుసనుకున్నాను. ఎవరు కొట్టారమ్మా అన్నాను. మిర్జా అంది. అది పేరు కాదు. ఆ మాట మా ఇళ్లలో ఏ కోడలైనా బావగారిని పిలుచుకునే మాట, దొరగారు అన్నట్టు. అత్తవారింట అడుగుపెట్టిన మొదటి వారంలోనే మామగారికీ అత్తగారికీ మొగుడి అన్నలకీ ఒక్కొక్క పిలుపు మనమే పెట్టుకోవాలి, అసలు పేరు నోట రాకూడదు, చచ్చినా రాకూడదు. నేనూ పెట్టుకున్నాను, మా అమ్మా పెట్టుకుంది. అది పేరు కాదని నాకు తెలుసు, తెలిసీ అసలు పేరు అడగలేదు. ఎందుకు అడగలేదూ అంటే, అడగడం బాగుండదని. దెబ్బలు తిని వచ్చిన పిల్లని నీ బావగారి పేరు చెప్పవే అని అడగడం నాకు మోటుగా మాట్లాడినట్టు అనిపించింది. పేరు అని ఉన్న గళ్లో మిర్జా అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాను. రాజధానిలో చదివినవాడెవడైనా ఆ పొరపాటు చేసేవాడా, నెస్తాన్ చేసేదా, నేను చేశాను, మర్యాదస్తురాలిని కదా.

ఆ కాగితం మీదే వాడిని ఆ ఇంటి వైపు రావద్దని, ఆ పిల్లకి దూరంగా ఉండమని ఉత్తర్వు వచ్చింది. దాన్ని పట్టుకెళ్లిన పోలీసుతో వాడు నవ్వాడట, మిర్జా అనేవాడు మా ఇంట్లో ఎవరూ లేరు తమ్ముడూ, నా గుర్తింపు కార్డు చూస్కో అన్నాడట. పోలీసు చూశాడు, నిజమే, తిరిగి వచ్చాడు, వచ్చి మాకు చెప్పడం మర్చిపోయాడు. తొమ్మిదో రోజున కనిషాయ్, ఉత్తర్వు అందే ఉంటుంది, వాడు ఇప్పుడు అత్తవారింట్లో ఉండడు అనుకుని, రెండేళ్ల కూతురు బెగిమాయ్‌ని తెచ్చుకోవడానికి వెళ్లింది. వెళ్లమని నేనే అన్నాను. బిడ్డనైతే తెచ్చుకుంది, ఒక చేత్తో. రెండో చెయ్యి మణికట్టు దగ్గర రెండు చోట్ల విరిగింది. ఆస్పత్రిలో పిండికట్టు వేస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను, నా తప్పమ్మా ఇదంతా అన్నాను, దానికి ఆ పిల్ల, మీరు కొట్టలేదు కదా పిన్నీ అంది. నేను ఆ మాట పట్టుకుని తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు. నేను బాధపడుతున్నాను, ఇది పెద్ద మాటేం కాదు, పొద్దున లేవగానే బాధపడతాను, టీ తాగేటప్పుడు బాధపడతాను.

"ముట్టుకో" అంది సురుప్కాన్. ఒళ్లో మూట విప్పింది, లోపల గుండ్రటి రొట్టె, ఇంట్లో పొయ్యి మీద కాల్చింది, అంచులు కాస్త నల్లబడి ఉన్నాయి. నేను కదల్లేదు. అవతలి పక్షంవాళ్ల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదు, వాళ్లతో ముచ్చట్లు పెట్టకూడదు, ఇవి మా కేంద్రం గోడ మీద వరసగా రాసి ఉంటాయి, నేనే అతికించాను. కానీ మావాళ్లలో రొట్టె చూపించాక ఓ ముక్కైనా తినకుండా లేచిపోవడం ఎక్కడైనా ఉందా. ఆవిడ రెండు చేతులతో పట్టుకుని ఎదురుచూస్తోంది. గోరంత తుంచి నోట్లో వేసుకున్నాను.

"తిన్నానక్కా. తిన్నంత మాత్రాన మీ అబ్బాయి వైపు మాట్లాడతానని అనుకోకండి."

"రొట్టె ముక్కకి అమ్ముడుపోయే మొహంలా లేవులే" అంది ఆవిడ. "నీకెందుకమ్మా ఈ పని, మనవల్ని ఆడించుకునే వయసులో పరాయివాళ్ల కోడళ్ల మీద పడ్డావేం?"

"నాకు కోడలు లేదు. మావాడు పెళ్లి చేసుకోనంటున్నాడు."

"నిన్ను చూసి బెదిరిపోయాడేమో."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆవిడ కూడా ఆపుకుంది. ఇంకెక్కడైనా, ఏ పెళ్లిలోనో ఏ దినంలోనో, ఒకే పళ్లెం పక్కన కూర్చుని ఉంటే మేమిద్దరం సాయంత్రం దాకా కబుర్లు వదిలేవాళ్లం కాదు. మా అత్తగారికి ఇట్లాంటి నోరే ఉండేది. మా మామగారికి అసలు నోరే ఉండేది కాదు. ఆయన్ని నేను చల్లనయ్య అనేదాన్ని, అది నేను పెట్టుకున్న పిలుపు, పెళ్లయిన మూడో రోజున బావి దగ్గర నా చేతిలో బిందె తీసుకుని ఏమీ అనకుండా ఆయనే మోసుకెళ్లాడు, ఊరంతా చూస్తుండగా, కోడలి బిందె మామగారు మొయ్యడం ఎవరూ చూసి ఉండరు. పెళ్లయిన రెండో ఏడు మా ఆయన నా మీద చెయ్యి చేసుకున్నాడు, మొదటిసారి. చల్లనయ్య గుర్రానికి జీను వేసి, దాన్ని మా గుమ్మానికి కట్టి, కొడుకుని పిలిచి, రెండోసారి అయితే ఇది ఎక్కి నువ్వే వెళ్లాలి, పిల్ల వెళ్లదు అన్నాడు. అంతే. ఆ గుర్రం మూడు రోజులు అక్కడే కట్టి ఉంది, మా ఆయన దాని పక్క నుంచి ఒదిగి లోపలికీ బయటికీ తిరిగాడు. రెండోసారి కాలేదు. నేను ఏ కేంద్రానికీ పోలేదు, అప్పుడు కేంద్రాలూ లేవు, నాకు ఆయనే కేంద్రం. ఆయన పోయాక రిజిస్టరులో రాయించడానికి వెళ్తే, గుమస్తా పేరేమిటి అన్నాడు, నేను బొమ్మలా నిలబడ్డాను, వెనక జనం తోసుకుంటున్నారు, నా తొమ్మిదేళ్ల కూతురు ముందుకొచ్చి తాత పేరు చెప్పింది. ఇప్పటికీ నా నోట రాలేదు. రావాలనీ లేదు. ఆ పేరు పలకకపోవడం నాకు బరువు కాదు, ఇష్టం. అందుకే నెస్తాన్ ఇదంతా పాతకాలపు చాదస్తం పిన్నీ అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. చాదస్తం కాదమ్మా, ఆ గౌరవానికి తగిన మనిషికి ఇచ్చేది వేరు, తగనివాడు దాని వెనక దాక్కోవడం వేరు అన్నాను. నెస్తాన్ రాసుకుంది. ఆ పిల్ల అన్నీ రాసుకుంటుంది.

ఆ బావగారి పేరు కనిషాయ్ చేత పలికించడానికి ఈ వారం రోజులూ మేము చేసిన సాధన చూస్తే ఎవరైనా మాకే పిచ్చి పట్టిందనుకునేవాళ్లు. ముందు నెస్తాన్ అద్దం ముందు నిలబెట్టింది, తర్వాత కాగితం మీద రాయమంది. కనిషాయ్ మొదటి రెండక్షరాలు రాసి, కలం కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. అప్పుడు మా వంటావిడకి ఒక ఉపాయం తట్టింది, పెరట్లో తిరిగే బూడిదరంగు గండుపిల్లికి వాడి పేరు పెట్టేసింది. ఇక చూడండి, ఇల్లంతా అదే గోల. జానుజాక్ పాలు తాగాడా. జానుజాక్ మళ్లీ పిండిలో కాలు పెట్టాడు. ఒరేయ్ జానుజాక్, సిగ్గు లేదూ, పొయ్యి దగ్గర నుంచి లే. ఏడుగురు ఆడవాళ్లు, ఏడుగురూ ఎవరో ఒకరి చేత దెబ్బలు తిన్నవాళ్లే, ఆ పిల్లిని పట్టుకుని తిట్టని తిట్టు లేదు, అది పాపం ఏమీ పట్టించుకోకుండా ఇదివరకటికంటే బలిసింది. మూడో రోజున కనిషాయ్ నవ్వింది, నోటికి తలగుడ్డ కొస అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. కానీ తను పాలు పోసేటప్పుడు మాత్రం, ఏయ్ నువ్వు, ఇటు రా అనే పిలిచింది. పిల్లికి కూడా ఆ పేరు పెట్టి పిలవలేకపోయింది. నిన్న రాత్రి భోజనాల దగ్గర, రాదు పిన్నీ, గొంతులో ఇక్కడిదాకా వచ్చి తలుపేసుకుంటుంది అంది, ఇక్కడ అని వేలితో చూపించింది. ఇప్పుడు ఈ బల్ల మీద కూర్చుని, వాణ్ణి కన్నతల్లి పక్కన, ఆ పిల్లి గుర్తొచ్చి నాకు పొట్టలో నవ్వు తిరుగుతోంది. ఎంత పాపిష్టిదాన్ని. ఆవిడకి తెలిస్తే ఈ మూట నా నెత్తి మీద వేస్తుంది.

లోపల మాటలు వినిపిస్తున్నాయి గానీ ఏ మాటో తెలియడం లేదు. మొగవాడి గొంతు, కుర్చీ జరిపిన చప్పుడు, మళ్లీ ఏమీ లేదు. ఈ ఏమీ లేకపోవడమే నాకు భయం. పోయిన వారం కూడా ఇట్లాగే మొదలైంది. గోడలోంచి, గదుల్ని వెచ్చబెట్టే వేడినీళ్ల గొట్టం టకటకమంటోంది. పదీ నలభై. ఇరవై నిమిషాలయింది. సురుప్కాన్ మూట మళ్లీ కట్టింది, మళ్లీ విప్పింది. నేనేమీ అడగలేదు, తొమ్మిదేళ్లలో నేను నేర్చుకున్నది ఏదైనా ఉంటే అది ఇదే, ఎదుటి మనిషి ఏదో మోస్తున్నప్పుడు దింపుకునేదాకా ఊరుకోవడం.

"పాలు కాస్తున్నాను" అంది ఆవిడ, గోడకి చెబుతున్నట్టు.

"ఎప్పుడక్కా?"

"ఆ రోజు. బిడ్డని తీసుకెళ్తానని అది వచ్చిన రోజు. గోడ అవతలే ఉన్నాను. పాలు మాడిపోయాయి. నలభై ఐదేళ్లుగా కాస్తున్నాను, ఒక్కసారి మాడలేదు. గరిట చేతిలో పట్టుకునే ఉన్నాను, తిప్పడం మర్చిపోయాను. మాడు వాసనకి మావాడే లోపలికి వచ్చి, ఏంటమ్మా ఈ కంపు అన్నాడు."

లోపలి నుంచి ఇంకా ఏమీ వినిపించడం లేదు.

"పాత్ర తోమాను. రెండు రోజులు తోమాను. పోలేదు. కొట్టం వెనక పడేశాను."

చెప్పకూడని మాట ఒకటి నా నాలుక చివర వరకూ వచ్చింది. అవతలి పక్షం సాక్షికి ఏమీ నూరిపొయ్యకూడదు, అది కూడా గోడ మీద రాసి ఉంటుంది. కానీ నేను ఒకసారి మర్యాద పాటించి ఒక పిల్ల చెయ్యి విరగ్గొట్టించాను. మా ఇళ్లలో కోడలి నోటికి వేసిన ఆ కట్టు విప్పాలంటే అత్తవారింటి పెద్దలే విప్పాలి, ఇక నుంచి పేరు పెట్టి పిలువు తల్లీ అని వాళ్లు ఒక్క మాట అంటే చాలు, నాకు తెలిసి ఇద్దరు ముగ్గురు అట్లా అన్నారు కూడా. ఆ ఇంట్లో ఇప్పుడు మిగిలిన పెద్ద ఈవిడే. తలుపుకీ ఈవిడకీ మధ్య ఆరడుగులు.

"అక్కా, మోటుగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి" అన్నాను. "లోపల దానికి నోరు రావడం లేదు. మీరు తలుపు దగ్గర నిలబడి, చెప్పవే, నేను చెప్పమంటున్నాను అని ఒక్క మాట అంటే వస్తుంది."

ఆవిడ నా వైపు పూర్తిగా తిరిగింది. కళ్లు చిన్నవి, ఎండకీ గాలికీ అంచులు ఎర్రబడిపోయినవి.

"నా కొడుకుని పేరు పెట్టి పట్టించవే అని నా కోడలికి నేను చెప్పాలా?"

"అవును."

"నువ్వు చెబుతావా, నీ కొడుకైతే?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు. "తెలియదక్కా" అన్నాను.

"తెలియదు కదా. మరి ఊరుకో." ఇంతకంటే కోపంగా అని ఉంటే నాకు తేలికయ్యేది. తర్వాత మెత్తగా, "నేను మా ఆయన పేరే ఎప్పుడూ అనలేదు. ఆయన పోయి పన్నెండేళ్లు. మా ఇంట్లో ఆ పేరు ఇప్పుడు ఎవరూ అనరు. పిల్లలు నాన్న అనేవాళ్లు, కోడళ్లు పెద్దయ్య అనేవాళ్లు, నేను ఏవండీ అనేదాన్ని. ఎవరు అంటారు చెప్పు" అంది.

నాకు అప్పుడు తట్టింది, ఆ పిల్ల చెప్పాల్సింది ఒక్క పేరు కాదు. ఫలానావాడి కొడుకు ఫలానా అని కదా మావాళ్ల పూర్తి పేరు, అంటే ముందు చనిపోయిన మామగారి పేరు చెప్పాలి, ఆ తర్వాత బావగారిది. ఒక్కటే గొంతు దాటడం లేదని మేము పిల్లిని పెట్టుకుని తంటాలు పడుతుంటే, అది మోస్తున్నది రెండు. వారం రోజులు పక్కనే కూర్చుని ఈ సంగతి నాకు తట్టలేదు, అది కూడా చెప్పలేదు, మాకు ఇంకా బెంగ పెట్టడం ఎందుకని చెప్పి ఉండదు. నాకు లేచి తలుపు తోసుకుని లోపలికి వెళ్లాలనిపించింది, పదవే ఇంటికి పోదాం, ఏ పేరూ చెప్పొద్దు, నీకూ బిడ్డకీ నేను అన్నం పెడతాను, నా రెండు గదుల్లో ఒకటి నీది అని. ఎంత ప్రేమో అనిపిస్తుంది ఇట్లాంటప్పుడు. ప్రేమ కాదు, నా చేత కాక. వాడు బయట దర్జాగా తిరుగుతుంటే అది ఎన్నాళ్లు నా గదిలో కూర్చుంటుంది, మార్కెట్‌కి వెళ్లాలన్నా వెనక్కి చూసుకుంటూ. లేవలేదు. గొట్టం టకటకమంటోంది. బయట ఎవరో మంచు గొడ్డలి కావాలా అని అరుస్తూ పోతున్నారు, చలికాలం సామాన్లు అమ్మేవాళ్లు. పదకొండు.

ఎల్దియార్ గొంతు కొంచెం పెరిగింది. "మూడోసారి అడుగుతున్నాను చెల్లెమ్మా. ఇదే ఆఖరు."

సురుప్కాన్ తల వంచుకుంది. నేను బల్ల అంచు పట్టుకున్నాను. ఎంతసేపని చెప్పను, గొట్టం పన్నెండుసార్లు చప్పుడు చేసింది, లెక్కపెట్టాను. తర్వాత కనిషాయ్ గొంతు. అరవలేదు. ఏడవలేదు. బడిలో పిల్ల హాజరు పలికినంత మామూలుగా, సన్నగా, స్పష్టంగా వచ్చింది.

"మంబెతాలి కొడుకు జానుజాక్. మా ఆయనకి అన్న. నన్ను కొట్టింది ఇతనే. సెప్టెంబరులో రెండుసార్లు."

లోపల కుర్చీ ఒకటి కింద పడింది. వాడు ఏదో అన్నాడు, కూర్చో అని ఎల్దియార్ గట్టిగా అన్నాడు. నాకు కళ్లు మసకబడ్డాయి. సంతోషం అనుకుంటా. పక్కన సురుప్కాన్ ఉలిక్కిపడింది. కొడుకు పేరుకి కాదు, అది ఆవిడకి రోజూ నోట్లో ఉండే పేరే. మొదటిదానికి, పోయిన మొగుడి పేరుకి. ఎవరో గదిలోకి వచ్చినట్టు తల ఎత్తి తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఎంత బాగా పలికింది" అంది. నాతో అన్నట్టు లేదు.

తలుపు తెరుచుకుంది. కనిషాయ్ బయటికి వచ్చింది, వెనక నెస్తాన్, నెస్తానే ఏడుస్తోంది, మా సైకాలజిస్టు. లోపల బల్ల అవతల వాడి భుజాలు కనిపించాయి, మొహం కనిపించలేదు. కనిషాయ్ నన్ను చూసే ముందు అత్తగారిని చూసింది. చూసి, ఆగి, కుడి చెయ్యి మోకాలి మీద ఆనించి ముందుకు వంగింది, అత్తగారికి కోడలు పెట్టే వంగుడు దణ్ణం, పిండికట్టు చెయ్యి గాలిలో వేలాడింది. వద్దే, ఇప్పుడు కూడానా అని అరవబోయాను. అది నా మాట వినేలా లేదు. వంగి, లేచి, నిటారుగా నిలబడింది. ఇట్లా కోడలు వంగితే పెద్దావిడ దీవించాలి, చల్లగా ఉండు, పిల్లాపాపలతో ఉండు అనాలి. సురుప్కాన్ అనలేదు.

"చెయ్యి ఎట్లా ఉంది?" అంది.

చెయ్యి విరిగిన ఇన్నాళ్లలో ఆ ఇంటి నుంచి ఆ మాట ఎవరూ అడగలేదు.

"రాత్రిళ్లు లాగుతుంది అత్తయ్యా."

"ఏ పక్కకి తిరిగి పడుకుంటున్నావు?"

"కుడి పక్కకి."

"అట్లాగే పడుకో. ఎడమకి తిరగకు."

ఎల్దియార్ గుమ్మంలోకి వచ్చి, రెండో సాక్షి రావాలి, అమ్మగారూ, లోపలికి రండి అన్నాడు. సురుప్కాన్ లేచింది, మూట నా పక్కన పెట్టింది, బూట్లు సర్దుకుంది, మళ్లీ కూర్చుంది.

"నన్ను ఏం అడుగుతారు?" అంది నాతో.

"మీ పేరు, మీ ఊరు, మీ ఆయన పేరు ముందు అడుగుతారు. తర్వాత ఆ రోజు ఏం జరిగిందో, ఎవరు చేశారో అడుగుతారు."

"రెండోది నేను పెట్టిన పేరే. అది చెప్పగలను" అంది. ఆ మాట అన్నప్పుడు గొంతు చాలా ముసలిదైపోయింది. ఒళ్లో చేతులు చూసుకుంది. "ఆయనదే..." అని ఆగిపోయి, కోడలి మొహంలోకి చూసింది, నా వైపు కాదు, నెస్తాన్ వైపు కాదు. "ఏమే పిల్లా, ఎట్లా చెప్పావే?"

నెస్తాన్ ఏదో చెప్పబోయింది. నేను దాని మోచెయ్యి పట్టుకుని ఆపాను.

కనిషాయ్ బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది, ఒంటిచేత్తో అత్తగారి తలగుడ్డ కొస లోపలికి దోపింది.

"ఊపిరి పీల్చుకుని చెప్పాలని చూస్తే రాదు అత్తయ్యా, గొంతులో అడ్డం పడుతుంది" అంది. "ఊపిరంతా వదిలెయ్యండి. వదిలేటప్పుడు దాని వెంట అదే వచ్చేస్తుంది. కళ్లు మూసుకోకండి. చెప్పాక ఏమీ అవ్వదు, నేను చూశాను. నేను ఇక్కడే ఉంటాను."

సురుప్కాన్ తల ఊపి లేచింది. తలుపు దాకా నాలుగు అడుగులు వేసి, చెక్క పట్టుకుని, ఊపిరంతా బయటికి వదిలి, లోపలికి వెళ్లింది.